తాగిందెంత... తగిలిందెంత?

క్యాన్సర్‌కు మందులా మింగించే రేడియేషన్ ఒకటుంది. సీసాలో అది ఎంతుందో పక్కా లెక్క ఉంటుంది. ఒంట్లోకి వెళ్లాక కణితికి ఎంత చేరిందో, మూత్రపిండానికి ఎంత తగిలిందో మాత్రం చాలామంది రోగులకు ఎవరూ చెప్పరు. చెప్పలేక కాదు... కొలవక!

నెల్లూరు నుంచి ముంబయి రహదారి పట్టుకుని ఓ ముప్ఫై కిలోమీటర్లు వెళితే సంగం. బీరాపేరు, బొగ్గేరు వచ్చి పెన్నలో కలిసేది ఇక్కడే కాబట్టి ఊరికా పేరు. 2022 సెప్టెంబరులో ప్రారంభమైన కొత్త బ్యారేజీ దగ్గర నిలబడి ఇవాళ నీళ్లెంత వదిలారని అడిగితే ఠక్కున చెబుతారు. కనిగిరి రిజర్వాయరుకు ఇన్ని క్యూసెక్కులు, కనుపూరు కాలువకు ఇన్ని అని. ఆ అంకెలో పెద్దగా తేడా ఉండదు. అదే కాలువ చివర నాలుగెకరాలున్న రైతును అడిగి చూడండి. తూము దగ్గర లెక్కతో తనకేం పని అంటాడు. దారిలో ఇసుక నేల పీల్చిందెంత, గండి పడి పోయిందెంత, పైవాళ్లు మళ్లించుకున్నదెంత... ఇవన్నీ పోను మడిలోకి ఎంతొచ్చిందన్నదే అతనికి కావాలి. వరి బతికేది ఆ నీళ్లతోనే.

సరిగ్గా ఇదే తగాదా క్యాన్సర్ వైద్యంలోనూ ఏళ్ల తరబడి నడుస్తోంది. అక్కడ నీళ్లకు బదులు రేడియేషన్. అంతే తేడా.

క్యాన్సర్‌కు రేడియేషన్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది 'కరెంటు పెట్టించుకోవడం'. పెద్ద యంత్రం కింద పడుకోబెట్టి, బయటి నుంచి కిరణాలు కణితి మీద పడేలా చేస్తారు. దానికి ముందు స్కాన్ తీసి, కంప్యూటర్‌లో బొమ్మ గీసి, ఏ భాగానికి ఎంత పడాలో లెక్కలు కడతారు. అనుకున్నదానికీ పడినదానికీ 5 శాతానికి మించి తేడా రాకూడదన్నది ఆ రంగంలో పాత నియమం. ఇది అందరికీ తెలిసిన వైద్యం.

రెండోది అంతగా తెలియనిది. రేడియేషన్‌ను మందులో పెట్టి ఒంట్లోకే పంపించడం. థైరాయిడ్ క్యాన్సర్‌కు గ్రంథి తీసేశాక ఇచ్చే రేడియో అయోడిన్ ఈ కోవలోదే. థైరాయిడ్ కణాలకు అయోడిన్ అంటే ఆకలి. ఆపరేషన్‌లో దొరక్కుండా ఎక్కడో నక్కిన కణాలు కూడా దాన్ని లాక్కుంటాయి. మామూలు అయోడిన్ బదులు అయోడిన్-131 ఇస్తే, లోపలికి వెళ్లాక అది బీటా కణాలను విడుస్తుంది. అవి మహా అయితే రెండు మిల్లీమీటర్ల దూరం పోతాయి. అంటే పక్కింటికి పెద్దగా నష్టం లేకుండా ఇంట్లో దొంగను మాత్రం పట్టుకుంటాయన్నమాట. బోస్టన్‌లో సాల్ హెర్ట్జ్ అనే వైద్యుడు థైరాయిడ్ అతిగా పనిచేసే జబ్బుకు 1941లోనే దీన్ని ఇచ్చాడు. క్యాన్సర్‌లో ఇది ఎలా పనిచేసిందో 1946లో సీడ్లిన్ బృందం వైద్య పత్రికకెక్కించింది. మన దేశంలో 1963లో ముంబయిలో రేడియేషన్ మెడిసిన్ సెంటర్ మొదలయ్యాక ఈ వైద్యం వేళ్లూనుకుంది.

చికిత్సకు ముందు ఓ రెండు వారాలు అయోడిన్ ఉన్న తిండి మానేయమంటారు. అయోడైజ్డ్ ఉప్పు వద్దు, చేపలు వద్దు, రొయ్యలు వద్దు. నెల్లూరు జిల్లా మనిషికి చేపల పులుసు మానమనడం చిన్న శిక్షేం కాదు! కానీ దానికో కారణముంది. మామూలు అయోడిన్‌తో కడుపు నిండిన కణం మందు అయోడిన్‌ను ముట్టదు. సీసాలో ఎంత పోశామన్నది ఒక్కటే కాదు, ఒళ్లు ఎంత తీసుకుంటుందన్నదీ ముఖ్యమేనని ఆ పథ్యమే చెబుతోంది.

క్యూరీలు వేరు... గ్రేలు వేరు

ఇప్పుడు కాస్త ఓపిక పట్టాలి. ఇక్కడ రెండు కొలతలున్నాయి. చదువుకున్నవాళ్లు కూడా వాటిని కలిపేస్తుంటారు.

మొదటిది మిల్లీక్యూరీ. మందులో ఎంత రేడియోధార్మికత ఉందో చెబుతుంది. ఒక మిల్లీక్యూరీ అంటే సెకనుకు 3 కోట్ల 70 లక్షల అణువులు విచ్ఛిన్నం కావడం. కేసు కాగితంలో 100 మిల్లీక్యూరీలు అని రాసుంటే, మింగిన క్షణాన సెకనుకు 370 కోట్ల అణువులు పేలుతున్నాయని అర్థం. ఇది తూము లెక్క.

రెండోది గ్రే. కిలో కండరానికి ఒక జౌలు శక్తి అందితే అది ఒక గ్రే. ఇది మడి లెక్క. జౌలు అంటే ఎంత? కిలో నీళ్లకు ఒక జౌలు వేడి ఇస్తే ఉష్ణోగ్రత పెరిగేది 0.00024 డిగ్రీలు. చేయి పెట్టినా తెలీదు. కానీ ఒళ్లంతటికీ ఒకేసారి 4 గ్రేల రేడియేషన్ తగిలి వైద్యం అందకపోతే ప్రాణం మీదికి వస్తుంది. వేడిగా చూస్తే అది డిగ్రీలో వెయ్యోవంతు! చంపేది ఆ వేడి కాదు. కణంలోని డీఎన్ఏను ఎక్కడ తుంచిందన్నదే అసలు సంగతి. అందుకే ఈ లెక్క థర్మామీటర్‌కు అందదు.

ఆస్పత్రిలో చెప్పేది మొదటి అంకె. కణితిని చంపేదీ, మూత్రపిండాన్ని దెబ్బతీసేదీ రెండో అంకె. ఒకదాన్నుంచి మరోదానికి వెళ్లే దారి మనిషి మనిషికీ మారిపోతుంది.

అందరికీ ఒకే గ్లాసు

ఉదాహరణకు ఈ పదేళ్లలో బాగా పేరొచ్చిన లుటీషియం-177నే తీసుకోండి. పేగుల్లో, క్లోమంలో వచ్చే న్యూరోఎండోక్రైన్ కణుతులకు డోటాటేట్ అనే అణువుకు దీన్ని తగిలించి సెలైన్‌లా ఎక్కిస్తారు. పెద్ద పరీక్షలో మంచి ఫలితాలు వచ్చాయని 2017లో వెల్లడైంది. 2018 జనవరిలో అమెరికా అనుమతిచ్చింది. ప్రొస్టేట్ క్యాన్సర్‌కు వాడే మరో రకానికి 2022 మార్చిలో అనుమతి దొరికింది. అయోడిన్‌తోపాటు లుటీషియాన్ని కూడా ట్రాంబేలోని ధ్రువ రియాక్టర్‌లో తయారుచేస్తున్నారు. కాబట్టి ఇది అమెరికా ముచ్చటేం కాదు, మన వైద్యమే.

న్యూరోఎండోక్రైన్ కణుతులకు నిర్ణయించిన కొలత ఇది: విడతకు 200 మిల్లీక్యూరీలు, ఎనిమిది వారాలకోసారి, మొత్తం నాలుగు విడతలు. నలభై అయిదు కిలోల సన్నటి అమ్మాయికీ అదే, తొంభై కిలోల పెద్దాయనకూ అదే. 

ఈ మందు మూత్రపిండాల గుండానే బయటికి పోవాలి. పోతూ పోతూ కొంత అక్కడే అతుక్కుంటుంది. అందుకే మందుతోపాటు లైసిన్, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాల సెలైన్ కూడా ఎక్కిస్తారు. అవి ఆ అతుక్కోవడాన్ని తగ్గిస్తాయి. అయినా కొంత తప్పదు. సంగం పక్క పల్లెలో ఇద్దరు రోగులున్నారనుకుందాం. ఇద్దరికీ 200 మిల్లీక్యూరీలే ఇచ్చారు. ఇద్దరి మూత్రపిండాలూ కలిపి 300 గ్రాములే, వాటిలో చేరిందీ మందులో 2 శాతమే. తేడా ఒక్కటే. మొదటాయన మూత్రపిండంలో చేరిన మందు 40 గంటల్లో సగమైంది. రెండో ఆయనకు 70 గంటలు పట్టింది. లెక్క కడితే మొదటాయన మూత్రపిండాలకు తగిలింది సుమారు 2.4 గ్రేలు, రెండో ఆయనకు 4.2. నాలుగు విడతలకు ఒకరికి 10 గ్రేలకు అటూఇటూ, మరొకరికి 17.

మూత్రపిండాలకు మొత్తం 23 గ్రేలు దాటకూడదన్నది చాలాచోట్ల పాటిస్తున్న హద్దు. బయటి నుంచి 'కరెంటు' పెట్టిన రోజుల అనుభవం నుంచి అప్పు తెచ్చుకున్న అంకె అది. నెమ్మదిగా అందే ఈ రేడియేషన్‌కు అచ్చంగా అదే వర్తిస్తుందా అన్న అనుమానం వైద్యుల్లోనే ఉంది. సరే, ఉన్న హద్దునే తీసుకున్నా మొదటాయన అందులో సగం కూడా చేరలేదు. ఆయన కణితి ఇంకా మిగిలే ఉంటే మరో రెండు విడతలు ఇవ్వచ్చేమో! మధుమేహంతో మూత్రపిండాలు ముందే నీరసించిన మూడో మనిషి ఉంటే, అతనికి నాలుగో విడత దగ్గర ఆగి ఆలోచించాల్సి ఉంటుందేమో. కొలవకపోతే ముగ్గురూ ఒకటే.

కొలవడం ఎలా?

మొదటి మెట్టు సులువే. మందును సిరంజిలో తీసి, బావిలా లోతుగా ఉన్న ఓ మీటరులోకి దించుతారు. మిల్లీక్యూరీల అంకె తెర మీద పడుతుంది. ఇక్కడా తేలిగ్గా తీసుకోవడానికి లేదు. సన్నటి ప్లాస్టిక్ సిరంజిలో చూపే అంకె, మందపాటి గాజు సీసాలో చూపే అంకె ఒకటిగా ఉండకపోవచ్చు. అందుకే ఈ మీటర్లను ప్రామాణిక నమూనాలతో సరిచూసుకోవాలి. మన దేశంలో రేడియేషన్ కొలతలకు ఆ ప్రమాణం భాభా అణు పరిశోధన కేంద్రానిది. పైగా ఈ మందు గడియారంతో పాటు కరిగిపోతుంటుంది. అయోడిన్-131 ఎనిమిది రోజుల్లో సగమవుతుంది. 100 మిల్లీక్యూరీలకని లెక్కకట్టి పంపిన సరుకు ఒక్కరోజు ఆలస్యమైతే చేతికొచ్చేది 92.

అసలు కష్టం మందు ఒంట్లోకి వెళ్లాక మొదలవుతుంది. లోపలి మందు బీటా కణాలతోపాటు కొంత గామా కిరణాలనూ వదులుతుంది. అవి శరీరం దాటి బయటికొస్తాయి. గామా కెమెరా వాటిని పట్టుకుంటుంది. మనిషి చుట్టూ తిరుగుతూ తీస్తే మూడు కొలతల బొమ్మ వస్తుంది, అదే స్పెక్ట్ స్కాన్. కానీ కెమెరా లెక్కపెట్టేది మెరుపులను. మిల్లీక్యూరీలను కాదు. ఇన్ని మెరుపులంటే ఇంత మందు అని తెలియాలంటే, ముందుగా ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు నింపి, తెలిసినంత మందు కలిపి, దాన్ని స్కాన్ చేసి చూసుకోవాలి. లావాటి మనిషిలో లోపలి కిరణాలు దారిలోనే తగ్గిపోతాయి కాబట్టి సీటీ స్కాన్ సాయంతో ఆ లోటు పూడ్చాలి. మరో చిక్కు... తడి కాగితం మీద సిరా చుక్క వేస్తే ఎలా పాకుతుంది? చిన్న కణితి బొమ్మలో అలాగే పాకి, పలచబడి కనిపిస్తుంది. దాన్నలాగే నమ్మితే కణితికి అందింది అసలు కంటే తక్కువని తేలుతుంది. శనగగింజంత కణితి లెక్క ఈనాటికీ గట్టిగా చెప్పలేనిదే.

పోనీ ఇదంతా సరిగ్గా చేశారనుకుందాం. ఒక్క బొమ్మ ఒక్క క్షణానిదే. ఉదయం చెరువు మట్టం చూసి వారంలో ఎంత నీరు పారిందో చెప్పలేం కదా! మొదటిరోజు, రెండోరోజు, నాలుగోరోజు, వారానికి... ఇలా మళ్లీ మళ్లీ చూసి, చుక్కలు కలిపి గీత గీస్తే ఆ గీత కింది వైశాల్యమే మొత్తం విచ్ఛిన్నాల లెక్క. దాన్ని అవయవం బరువుతో భాగించి గ్రేలకు మార్చాలి. ఏ అవయవంలో పేలితే దేనికి ఎంత తగులుతుందో చెప్పే పట్టికల కోసం అమెరికాలో 'మిర్డ్' కమిటీ 1960ల నుంచి పనిచేస్తోంది. అంటే శాస్త్రం కొత్తది కాదు. కొత్తగా వచ్చింది మంచి కెమెరాలూ, వేగంగా లెక్కకట్టే కంప్యూటర్లూ.

న్యూయార్క్‌లో బెనువా బృందం 1962లోనే ఓ దారి వేసింది. థైరాయిడ్ క్యాన్సర్ ఒళ్లంతా పాకినవాళ్లకు ముందు కాస్త అయోడిన్ ఇచ్చి, కొన్ని రోజులు రక్తాన్నీ ఒంటినీ కొలిచి, రక్తానికి 2 గ్రేలు మించకుండా ఎంత పెద్ద మోతాదు ఇవ్వొచ్చో లెక్కగట్టారు. ఊపిరితిత్తులకు పాకి ఉంటే 48 గంటల తర్వాత ఒంట్లో 80 మిల్లీక్యూరీలకు మించి మిగలకూడదని హద్దు పెట్టారు. అరవై ఏళ్లు దాటిపోయాయి. ఇప్పటికీ చాలాచోట్ల గుండుగుత్త మోతాదే రాజ్యమేలుతోంది.

తలుపు దగ్గర మీటరు

అయోడిన్ పెద్ద మోతాదులో మింగినవాళ్లను కొన్ని రోజులు విడి గదిలో ఉంచుతారు. భోజనం తలుపు దగ్గర పెడతారు. చుట్టాలు లోపలికి రాకూడదు. చిన్నపిల్లల తల్లులకు ఇదెంత నరకమో చెప్పక్కర్లేదు. రోజూ ఒకరు వచ్చి దూరం కొలిచి నిలబడి మీటరు పెట్టి చూస్తారు. ఆ అంకె తగిన మట్టానికి దిగితే ఇంటికి పంపిస్తారు.

ఇలాంటి మీటర్లను దేశంలోనే తయారుచేసే స్థితికి తెచ్చినవాళ్లలో ఓ తెలుగువాడున్నాడు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు. ట్రాంబేలో అణుశక్తి సంస్థ ఎలక్ట్రానిక్స్ విభాగాన్ని నడిపి, 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్‌కు ప్రాణం పోశారు. రేడియేషన్‌ను పసిగట్టే పరికరాలు ఆ సంస్థ చేసే సరుకుల్లో ముఖ్యమైనవి. హైదరాబాద్‌లో రోజూ ఎ.ఎస్.రావు నగర్ బస్సెక్కేవాళ్లలో ఆ రావుగారు ఎవరో ఎందరికి తెలుసో!

సరే, మీటరు దగ్గరికి వద్దాం. అది చూసేది ఎవరి కోసం? బయట బస్సులో పక్కన కూర్చునేవాళ్ల కోసం. ఇంట్లో పసిపిల్లల కోసం. అది కావాల్సిందే, కాదనలేం. కానీ రోగి ఒంట్లోంచి మందు ఏ వేగంతో బయటికి పోతోందో చెప్పేవీ ఆ అంకెలే. మింగగానే ఒకసారి, తర్వాత రోజూ ఒకేచోట, ఒకే దూరంలో చూసి టైము వేసి రాస్తే ఒళ్లంతటి లెక్కకు కావాల్సిన గీత సగం సిద్ధమైనట్టే. కొత్త యంత్రం అక్కర్లేదు, అదనపు ఖర్చు లేదు. ఇంటికి పంపాలా వద్దా అని చూసుకున్నాక ఆ కాగితాన్ని ఫైల్లో మూలకు పడేయడం నాకు మాత్రం అన్యాయమనిపిస్తుంది.

కొలిస్తే ఒరిగేదేంటి?

వైద్యుల్లో రెండో మాటా ఉంది. అది కొట్టిపారేసేది కాదు. గుండుగుత్త మోతాదుతోనే వేలమంది బాగుపడ్డారు, లేనిపోని లెక్కలెందుకు అంటారు. వాళ్లకు ఆధారమూ ఉంది. థైరాయిడ్ క్యాన్సర్ మరీ ముదరనివాళ్లలో మిగిలిన గ్రంథిని మాడ్చడానికి 100 మిల్లీక్యూరీలు కావాలా, 30 చాలా అని బ్రిటన్, ఫ్రాన్స్ దేశాల్లో వేర్వేరుగా పరీక్షించారు. 2012లో రెండు చోట్ల నుంచీ ఒకే జవాబు. ముప్ఫై చాలు! అలాంటి రోగికి ఖరీదైన లెక్కల అవసరం అంతగా ఉండకపోవచ్చు. అయితే దశాబ్దాల పాటు చాలామందికి అవసరానికి మూడింతలు ఇచ్చామని కూడా ఆ జవాబే చెబుతోంది కదా.

అవతలి వైపు బలమైన సాక్ష్యం కాలేయ క్యాన్సర్ నుంచి వచ్చింది. ఇది అచ్చంగా మందు కాదు, దగ్గరి చుట్టం. ఇట్రియం-90 నింపిన సన్నటి గాజు పూసలను కాలేయానికి వెళ్లే రక్తనాళంలోకి వదులుతారు. ఫ్రాన్స్‌లో 60 మంది రోగులను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మామూలు పద్ధతి. రెండో జట్టుకు ముందే లెక్కకట్టి కణితికి కనీసం 205 గ్రేలు అందేలా ఇచ్చారు. 2021లో ఫలితాలొచ్చాయి. మామూలు జట్టులో కణితి లొంగింది 36 శాతం మందికి, లెక్క కట్టిన జట్టులో 71 శాతం మందికి. మధ్యస్థ జీవితకాలం 10.7 నెలల నుంచి 26.6 నెలలకు పెరిగింది. చిన్న పరీక్షే, కానీ పదహారు నెలలంటే ఓ ఇంట్లో పెళ్లి చూసుకోవచ్చు, ఓ మనవణ్ని ఎత్తుకోవచ్చు.

యూరప్ దేశాలైతే 2013లోనే చట్టంలో రాసుకున్నాయి, ఈ చికిత్సల్లోనూ ఎవరి మోతాదు వారికి విడిగా నిర్ణయించి సరిచూడాలని. ఆ తర్వాత నాలుగేళ్లకు అవే దేశాలు లుటీషియం మందుకు అందరికీ ఒకే కొలతతో అనుమతిచ్చాయి! ఇక ఆల్ఫా కణాలు వదిలే ఆక్టినియం-225 లాంటివి మన దేశంలోనూ వాడుతున్నారు. ఇచ్చేది అతి కొద్ది, బయటికొచ్చే గామా ఇంకా కొద్ది. కెమెరాకు కనిపించడమే గగనం.

సంగం నుంచి వెళ్లేవాళ్లకు

మరి మన పల్లెటూరి రోగి సంగతేంటి? ఈ వైద్యానికి వేలూరో, చెన్నైయో, హైదరాబాదో పోవాల్సిందే. నాలుగైదు స్కాన్లంటే వారంపాటు లాడ్జి, తోడు వచ్చినవాళ్ల కూలి, రానూపోనూ ఛార్జీలు. మంచి పద్ధతి అని తెలిసీ ఆస్పత్రులు వెనకాడటానికి ఇదీ ఓ కారణమే. పైగా లెక్క కట్టడానికి మెడికల్ ఫిజిసిస్ట్ ఉండాలి, అతనికి తీరిక ఉండాలి.

ఇక్కడే ఓ చల్లటి కబురుంది. జర్మనీ పరిశోధకులు 2018లో పాత రోగుల లెక్కలన్నీ తిరగేసి చూశారు. లుటీషియం డోటాటేట్ ఎక్కించాక నాలుగోరోజున ఒకే ఒక్క స్కాన్ తీసినా మూత్రపిండాలకూ, కణుతులకూ తగిలిన మోతాదు చాలామందిలో అసలు లెక్కకు దగ్గరగానే వస్తోందని తేల్చారు. నాలుగు స్కాన్ల పని ఒక్కదానితో! అందరికీ సరిపోదు. మూత్రపిండాలు సరిగా లేనివాళ్లకు మళ్లీ మళ్లీ చూడాల్సిందే. ఏమీ చూడకపోవడం కంటే ఇది ఎన్నో రెట్లు నయం.

ఇంట్లో ఎవరికైనా ఈ వైద్యం జరుగుతుంటే భయపడి మానుకోకండి, ఇది ప్రాణాలు నిలిపే మందు. కాగితాలు మాత్రం జాగ్రత్త చేయండి. ఏ తేదీన ఏ మందు ఎన్ని మిల్లీక్యూరీలు ఇచ్చారో ప్రతి విడతకూ రాయించుకోండి. ఊరు మారినా, డాక్టరు మారినా పాత లెక్క వెంట ఉండాలి. ప్రతి విడతకు ముందు క్రియాటినిన్, రక్తకణాల పరీక్షల కాగితాలు దాంతోపాటే ఉంచండి. థైరాయిడ్ రోగులైతే గదిలో రోజూ తీసిన మీటరు అంకెల జిరాక్సు అడిగి తీసుకోవచ్చు. లుటీషియం రోగులు, మూత్రపిండాలకు ఎన్ని గ్రేలు తగిలిందో లెక్క కడతారా అని ముందే అడగండి. కడతామంటే మందు ఎక్కించే రోజు సోమవారం పడేలా చూడమనండి. నాలుగోరోజు శుక్రవారం అవుతుంది. బుధవారం ఎక్కిస్తే అది ఆదివారం పడుతుంది, స్కానింగ్ గదికి తాళం వేసి ఉంటుంది.